సాక పోసిన బోరు

ఎక్కడ ఆపాం మనం? పూజితను బోరు దగ్గర నిలబెట్టి వదిలేశాం. వారం నుంచి ఆ పిల్ల ఎర్రటి ఎండలో అక్కడే నిలబడి ఉంది పాపం. ఇబ్రహీంపట్నం పొలిమేరలో, సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా, బాలనర్సింహ పొలంలో, బోరు కేసింగ్ గొట్టం మీదికి వంగి చూస్తోంది. ఆ గొట్టం అంచుకు పసుపు పూసి ఉంది. మోటారు వైరు దిగే సందులో రెండు వేపాకులు ఇరుక్కున్నాయి. ఆ సందులోకి చీమలు బారులు తీరి దిగుతున్నాయి.

కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పూజిత బాలనర్సింహ బిడ్డ. తల్లి చిన్నప్పుడే పోతే నానమ్మ సుక్కమ్మ పెంచింది. నగరంలో ఒక పరిశోధనా సంస్థలో సూక్ష్మజీవుల మీద పనిచేస్తోంది. ఆమె మనసంతా శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద ఉంది. ఎన్సెలాడస్ దాని పేరు. ఒళ్లంతా మంచు. రెండేళ్ల కింద ఒక వ్యోమనౌక దాని పక్కగా పోతూ, మంచు పగుళ్లలోంచి నీటి ఆవిరి పైకి చిమ్ముతుండగా చూసింది. అంటే ఆ మంచు కింద నీళ్లుండాలి. సూర్యుడి పొడ తగలని నీళ్లు. అంత చీకట్లో ప్రాణమున్నది ఏదైనా బతకగలదా అన్నదే ప్రశ్న.

అక్కడిదాకా పోయి మంచు తవ్వి చూసే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకని శాస్త్రవేత్తలు భూమ్మీదే అలాంటి చీకటి నీళ్లను వెతుక్కుంటున్నారు. పూజితకు అవి వాళ్ల బాపు బోరులోనే దొరికాయి. ఏడెనిమిది వందల అడుగుల కింద, నల్లరాతి పగుళ్లలో, వెలుతురు ఎరగని నీళ్లు. అందులో గాలీ ఎండా లేకుండా పెరిగే జీవి ఒకటుందనీ, రాతిలోంచి పుట్టే వాయువు తిని అది బతుకుతోందనీ ఆమె రాసింది. రాయి కింద బతికినప్పుడు మంచు కింద మాత్రం ఎందుకు బతకదని అడిగింది. ఆమె గైడు డాక్టర్ శ్రీపాల్ ఆ మాటను సముద్రాలు దాటించాడు. రేపు పొద్దున ఇద్దరు విదేశీ శాస్త్రవేత్తలు ఈ పొలానికే వస్తున్నారు, తమ కళ్ల ముందు పట్టిన నీళ్లు తీసుకుపోవడానికి.

ఇంత సంబరం మధ్యలో, పోయినవారం చెప్పిన కథ చివర్లో, ఫోను మోగింది కదా. ల్యాబులో పూజిత పక్క బల్ల మీద పనిచేసే సుసన్న చేసింది. జీవి జాతి తేల్చే పరీక్ష ఫలితం వచ్చిందట. "నవ్వకు పూజితా. నీ జీవి కల్లులో ఉండే జాతికి దగ్గరి చుట్టం" అంది. పూజిత నవ్వింది. ఎవరో సీసాలు తారుమారు చేసి ఉంటారనుకుంది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే బోరు దగ్గరికి వచ్చింది, చీమల బారు చూసింది.

ఇప్పుడు నవ్వు లేదు. ఇంటికి పరుగెత్తింది.

దారి పొడవునా ప్లాట్ల రాళ్లే. పచ్చ రంగు వేసినవి కొన్ని, తెల్ల రంగు వేసినవి కొన్ని. విమానాశ్రయం శంషాబాద్‌కు వస్తుందన్నారు, రింగు రోడ్డు వస్తుందన్నారు, అంతే, నిన్నటిదాకా జొన్న పండిన నేల ఇవాళ గజాల్లోకి మారింది. మన్నెగూడ నుంచి ఇటు ఎవడి నోట విన్నా అదే లెక్క. చుట్టుపక్కల బోర్లు ఒకటొకటే ఎండిపోయాయి, పొలాలు ఒకటొకటే అమ్ముడుపోయాయి. బాలనర్సింహ బోరు ఒక్కటే ఇంకా పోస్తోంది. అందుకే ఆయన అమ్మలేదు.

సుక్కమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని చింతపండులో గింజలు తీస్తోంది.

"నానమ్మా, బోరు కాడ పసుపు ఎవరు పెట్టిన్రు?"

"నేను గాక ఇంకెవరు పెడతరే? మీ బాపుకు దేవుని సోయి ఉన్నదా, దయ్యం సోయి ఉన్నదా?"

"లోపల్కి ఏమన్న పోసినవా?"

సుక్కమ్మ చేతిలో చింతపండు కింద పెట్టింది. ముఖం విప్పారింది. ఇన్నేళ్ల చదువు తర్వాత మనవరాలు పనికొచ్చే మాట ఒకటి అడిగిందని ఆమె సంబరం.

"సాక పోస్తున్న బిడ్డా. మంగళారం మంగళారం. మల్లేశయ్య దించిన ఈతకల్లు. దుకాణంల మందు కలిపిన కల్లు గాదు, చెట్టు కాడికెల్లి సీదా తెప్పిస్త. అండ్ల ఇంత బెల్లం, ఇంత పసుపు, రెండు యాపాకులు. గంగమ్మకు దూప గాదా?"

సాక అంటే దేవతకు దూప, అదే దప్పిక, తీరేలా తాగబోయడం. ఈ పక్క ఊళ్లలో పోచమ్మకూ మైసమ్మకూ అందరూ పోస్తారు, గద్దె ముందు నేల మీద. బోరులో పోసినవాళ్లను మాత్రం పూజిత ఎక్కడా వినలేదు.

"సాక నేల మీద పోస్తరు గద నానమ్మా! బోరుల ఎవరన్న పోస్తరా?"

"ఏం సదువే నీది? పోచమ్మ గద్దె మీద ఉంటది, గద్దె కాడ పోస్తం. గంగమ్మ ఏడుంటది? బోరుల ఉంటది. బోరుల పొయ్యక నా నెత్తి మీద పోస్కోవాల్నా?"

ముసలమ్మ లెక్కలో తప్పు పట్టడం ఎవరి తరం?

"ఎప్పటి సంది పోస్తున్నవ్?"

"బోరు వడ్డనాటి సంది. ముందుగాల రెండు బోర్లేసిన్రు. దుబ్బ లేసింది గని సుక్క లేసిందా? మూడోదానికి నేను మొక్కుకున్న. తల్లీ, నువ్వొస్తె నా పానం ఉన్నన్ని దినాలు నిన్ను దూపకు ఉంచ అని. వచ్చింది. ఆ బుచ్చిరెడ్డిది ఎండె, ఆ పక్కోనిది ఎండె. మనది ఎందుకు ఎండలే అనుకున్నవ్? మీ బాపు మోటారు సూసా?"

నీళ్లు పట్టడానికి వచ్చినప్పుడల్లా పూజిత చేసే హడావిడి ఇంతా అంతా కాదు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, ఉడకబెట్టిన సీసాలు, పైపు మూతిని స్పిరిటుతో కడిగి మంటతో కాల్చడం. తన ఒంటి మీది ఒక్క క్రిమి కూడా ఆ నీళ్లలో పడకూడదని. సుక్కమ్మ దానికి 'పూజిత మడి' అని పేరు పెట్టి వాడంతా నవ్వించేది. ఇంత మడి పైన. కింద చూస్తే కల్లూ బెల్లమూ. రాతిలోని వాయువు తిని బతుకుతోందని లోకానికి చెప్పిన జీవి హాయిగా బెల్లం తిని బతికింది.

మంచు చందమామకు ఎప్పుడో ఒకప్పుడు యంత్రం పంపుతారు. దాని మీద మన క్రిములు అంటుకుని పోతే, అక్కడ మనల్ని మనమే చూసుకుని కొత్త ప్రాణం దొరికిందని గంతులు వేస్తామని శాస్త్రవేత్తల భయం. పూజిత ఆ భయం గురించి రెండు పేజీలు రాసింది కూడా. ఆ తప్పు ఆకాశంలో కాదు, ఆమె ఇంట్లోనే జరిగింది.

"నానమ్మా, నేను ఆ నీళ్లల్ల ఏం వెతుకుతున్ననో నీకు ఎరికేనా? శని సుట్టు ఒక చందమామ తిరుగుతది. దాంట్ల పానం ఉన్నదా లేదా అని..."

"ఎవరి సుట్టు?"

"శని సుట్టు."

సుక్కమ్మ రెండు చెంపలూ వాయించుకుంది. "హవ్వ! శనేశ్వరుని ఎవలన్న ఎతుక్కుంట పోతరే పిల్లా? వద్దు వద్దంటె ఇంటికొస్తడు గద వాడు! గందుకే నీ ముఖం గిట్ల వాడిపోయింది. వచ్చే శనారం నూనె దీపం పెట్టు."

ఇంకో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆ పూట ఆ మాట మంట మీద నూనె పోసింది.

"నవ్వులాటనా నీకు? నీ కల్లు పురుగులను నేను దేశదేశాలకు సాటింపేసిన! రేపు వాళ్లొచ్చి అడిగితే నా ముఖం ఏడ పెట్టుకోవాలె? బోరంత నాశనం జేసినవ్. నా సదువు నాశనం జేసినవ్."

"నేను నాశనం జేసిన్నా?"

"అవ్. నువ్వే."

సుక్కమ్మ కొంగు తల మీదికి లాక్కుని, చింతపండు గంప అవతలికి జరిపి, గోడ వైపు తిరిగి కూర్చుంది. పూజితకు జ్వరమొస్తే దవాఖానకు చంకనేసుకుని నడిచిన మనిషి, పలకా బలపం కొనడానికి తన కడియాలు తీసిచ్చిన మనిషి. ఆ మాట అన్న మరుక్షణమే పూజితకు తప్పు చేశానని తెలిసింది. కానీ కోపం దిగలేదు. కోపం దిగనప్పుడు క్షమించమని ఎవరు అడుగుతారు?

అప్పటికే గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బాలనర్సింహ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎంత విన్నాడో తెలియదు.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే బాపు. నీకు చెప్పినా తెల్వది."

ఈ ఒక్క మాట ఆ పిల్ల అనకుండా ఉంటే ఎంత బాగుండేదో. కూర్చోబెట్టి చెబితే బాలనర్సింహకు తెలియనిదేమీ కాదు. వార్డు మెంబరుగా చేసిన మనిషి, లోకం చూసిన మనిషి. ఆయన మోపు దించి, తుండుగుడ్డతో మెడ తుడుచుకుని, తల్లి వైపూ బిడ్డ వైపూ మార్చి మార్చి చూశాడు.

పూజిత పెరట్లోకి పోయి శ్రీపాల్‌కు ఫోను చేసింది. దాచకుండా అంతా చెప్పింది.

"పూజితా, రేపు నువ్వు నోరు విప్పకు" అన్నాడు శ్రీపాల్. "వాళ్లు వస్తారు, నీళ్లు పట్టుకుంటారు, టీ తాగి వెళ్తారు. తర్వాత నెమ్మదిగా సర్దుకుందాం."

"వాళ్లు ఆ నీళ్లు పరీక్ష చేస్తరు సార్."

"చేసేసరికి నెలలు పడుతుంది. ఈలోగా మనమే ఏదో ఒక వివరణ ఇద్దాం. ఇందులో ఉన్నది నీ పేరొక్కటే కాదు, నా పేరు కూడా ఉంది. అర్థమవుతోందా?"

"అవుతున్నది సార్. గని రేపు నేనే చెప్తా."

ఫోను పెట్టేసింది. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. కల్లును కనిపెట్టిన శాస్త్రవేత్త అని ల్యాబులో జోకులు పుడతాయి. సరే, పుట్టనీ అనుకుని కళ్లు తుడుచుకుంటుండగా ఫోను మళ్లీ మోగింది. సుసన్న.

"ఇందాక సగమే చెప్పిన పూజితా. ఆ సీసాల ఒక్కటి గాదు, రెండు జీవులున్నయి. కల్లుది పొంగుకుంట పెరిగింది గనుక అదే కండ్లవడ్డది. రెండోది అడుగుల బూడిద తీరు పొర ఉండె సూడు, నువ్వు మట్టి అనుకున్నవే, గది."

"ఏం జాతి?"

"మన దగ్గరున్న దేనికీ చుట్టం గాదు. బెల్లం నీళ్లు పోస్తే ముట్టలే. రాతి వాయువు పెడితే జర కదిలినట్టనిపించింది. అంతకన్న చెప్పలేను. పరీక్షలల్ల సీసా ఖాళీ అయిపోయింది. మళ్లా నీళ్లు కావాలె."

పూజిత ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. కల్లు కాదు. బెల్లం ముట్టలేదు. తాను వెతికింది అంతసేపూ ఆ సీసా అడుగునే ఉండి ఉండొచ్చు. కావచ్చు, కాకపోనూవచ్చు. తేలాలంటే ఆ బోరు నీళ్లే కావాలి. లోకంలో ఇంకెక్కడా ఆ పొర లేదు.

అప్పుడే ఒక నిశ్చయానికి వచ్చింది. రేపు వచ్చినవాళ్ల ముందు సాక సంగతి తానే చెబుతుంది. చెప్పి, వాళ్ల ఎదుటే మళ్లీ నీళ్లు పడుతుంది. పట్టే పద్ధతి ఎప్పటిదే. మోటారు ఆపినా, కేసింగ్ లోపల మోటారు నుంచి పైకొచ్చే పైపులో నిండిన నీళ్లు కిందికి జారిపోవు, అడుగున వాల్వు పట్టి ఉంచుతుంది. అవి నిల్వ నీళ్లు. అందుకని మొదట వచ్చే కొన్ని బిందెల నీళ్లు వదిలేసి, తర్వాత కిందినుంచి వచ్చే తాజా నీళ్లే ఆమె పట్టేది. రేపూ అట్లాగే చేస్తుంది. ఆ రెండో జీవి దొరికితే మిగతాదంతా పోయినా ఫరవాలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. సుక్కమ్మ అసలు కంచం ముందుకే రాలేదు.

"బోరుల పురుగులు వడ్డయా బిడ్డా?" అని అడిగాడు బాలనర్సింహ, అన్నం కలుపుతూ.

"అవ్ బాపు. వడ్డయి."

"గందుకేనా నువ్వు ఏడ్సింది?"

"గందుకే. నువ్వు తిని పండుకో."

ఆయన తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. ఆమె ఇంకేమీ చెప్పలేదు.

పొద్దున పూజిత సీసాల సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. అరుగు మీద సుక్కమ్మ లేదు, మంచం మీద బాపు లేడు. కార్లు రావడానికి ఇంకా టైముంది. ప్లాట్ల రాళ్ల మధ్య నుంచి నడుస్తూ ఏం చెప్పాలో మనసులో ఇంగ్లీషులో పేర్చుకుంటోంది. కల్లు సాకను ఇంగ్లీషులో ఏమంటారో తట్టక ఒకచోట ఆగింది కూడా.

పొలం గట్టు ఎక్కుతుండగా వాసన తగిలింది.

ఘాటు వాసన. వానాకాలంలో వాంతులూ విరేచనాలూ మొదలైతే మంచినీళ్ల బావుల దగ్గర వచ్చే వాసన. ముక్కు గుర్తుపట్టింది, మనసు ఒప్పుకోలేదు. సంచి భుజం మీంచి జారి గట్టు కింద పడింది. ఆమె పరుగు తీసింది.

బోరు పక్కన బాలనర్సింహ నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. మీసాల మీద కూడా తెల్లటి పొడి. కాళ్ల దగ్గర ఖాళీ బస్తా, ఖాళీ బకెట్లు. కేసింగ్ అంచు మీది పసుపు కడుక్కుపోయింది. చీమలు లేవు. కొంచెం దూరంలో సుక్కమ్మ నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నా మాట ఇనలే బిడ్డా! గంగమ్మ తల్లి కండ్లల్ల మందు కొట్టిండే వీడు!" అని మొత్తుకుంది ముసలమ్మ.

బాలనర్సింహ ఆమె మాట పట్టించుకోలేదు. బిడ్డను చూసి నవ్వాడు. అంత తృప్తిగా ఆయన నవ్వగా పూజిత చూసి ఎన్నాళ్లయిందో.

"బ్లీచింగ్ పౌడరు బిడ్డా. నువ్వేడుస్తుంటె నాకు రాత్రంత కన్నంటలే. పొద్దుగాలనే దుకాణపాయనను లేపి తెచ్చిన. మెంబరున్నప్పుడు ఎన్ని బావులల్ల కలిపిన, నాకు తెల్వదా? సంచి మొత్తం పోసిన. ఇగ రంది వెట్టుకోకు. అండ్ల ఒక్క పురుగు గూడ బతికుండది."

పూజిత నిన్న నానమ్మను అన్న మాటలు ఈయనను ఎట్లా అనగలదు? ఎవరికీ చుట్టం కాకుండా, ఎండ చూడకుండా, ఆ రాతిలో ఎన్ని యుగాల నుంచో ఒక్కటే బతికినదేదో ఉంటే, దాన్ని బాపు ఈ పొద్దున ప్రేమతో చంపేశాడు. అట్లాంటిది అసలు ఉండేదో లేదో కూడా ఇక ఎవరికీ తెలియదు. ఆమె కేసింగ్ పట్టుకుని నిలబడింది.

"గట్ల సూస్తున్నవేంది? నమ్మవా? ఆగు, నీళ్లు సూపిస్త" అంటూ బాలనర్సింహ స్టార్టరు డబ్బా వైపు నడిచాడు.

రోడ్డు మీద కారు హారను వినిపించింది. వెనకే ఇంకో కారు. అనుకున్న వేళకంటే ముందే వచ్చేశారు.

అప్పుడు మెరిసింది ఆమెకు. పైపు! బాపు మందు పోసింది కేసింగ్‌లో, పైపు బయట. పైపు లోపల నిలిచినవి నిన్నటి నీళ్లు. వాల్వు పట్టి ఉంచిన నీళ్లు. ఇన్నాళ్లూ పనికిరావని తాను మట్టిపాలు చేసిన ఆ మొదటి బిందెలే ఇప్పుడు మిగిలినవి. మోటారు తిరిగిందంటే అవి బయటికొచ్చేస్తాయి, వాటి వెనకే మందు నీళ్లు వస్తాయి.

"బాపూ, ఆగు! ఒత్తకు!"

బాలనర్సింహ వెనక్కి తిరిగి చూశాడు. ఆయన వేలు అప్పటికే పచ్చ బటన్ మీద ఉంది. మోటారు గుర్రుమంది. పైపు ఒక్కసారి దగ్గి, నీళ్లు కక్కింది.

సీసాలు సంచిలో ఉన్నాయి. సంచి గట్టు కింద ఉంది. పూజిత ఆలోచించలేదు. మోకాళ్ల మీద బురదలో పడి, పైపు కింద రెండు చేతులూ దోసిలి పట్టింది. చల్లటి నీళ్లు చేతుల్లో నిండి, పొంగి, మోచేతుల మీదుగా జారాయి. దోసిలి ఛాతీకి దగ్గరగా లాక్కుని పక్కకు జరిగింది. ఆమె వెనక నీళ్లు నేల మీద పారుతూనే ఉన్నాయి. కొద్దిసేపటికే వాటిలోంచి ఆ ఘాటు వాసన లేచింది.

కారు తలుపులు మూసుకున్న చప్పుడు. అడుగుల చప్పుడు. తెల్లదొరలిద్దరూ ముక్కు చిట్లించి చుట్టూ చూస్తున్నారు. వాళ్ల ముందు శ్రీపాల్, ముఖం నల్లబడి.

"పూజితా! ఏమిటీ వాసన? చేతుల్లో ఏమిటది?"

తొడుగుల్లేని ఆ చేతుల్లోంచి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు చుక్క చుక్కగా కారిపోతున్నాయి.